నేను కొట్టని చోటే బాగుందట

భూమి కింద రాతిపొరల పటం కోసం ఎండలో ఇనుప పలకను సుత్తితో కొట్టి, ప్రకంపనలు కొలిచింది నేను. గొల్లపల్లిలో మాత్రం విత్తనాల పండుగ కాకముందు నేలను కొట్టకూడదన్నారు. ఆ ఊరి పొలాలు వదిలేశాను.

ఈ రోజు దంతెవాడ ఆఫీసులో మాతో పనిచేసే సుజాత ఆ కొలతలతో గీసిన రంగుల పటం చూసి, పెద్దసారు సరిగ్గా ఆ పొలాల మీదే వేలు పెట్టి, ఇక్కడ పొర ఎంత చక్కగా వచ్చిందని ఆమెను మెచ్చుకున్నారు.

బయటికొచ్చాక అడిగాను. "అక్కడ నేను కొలవనే లేదు గదా, ఎట్ల గీసినవ్?"

"ఏందన్నా, అటూ ఇటూ నువ్వు కొలిచినవే గదా. నడుమ కంప్యూటర్ అందాజుగా కలిపింది."

పటంలో నా సుత్తి పడిన చోటల్లా పొర వంకర్లు తిరిగింది. పడని చోట ఇస్త్రీ చేసినట్టుంది.

పండుగ అయ్యాక వెళ్లి అక్కడా కొడతాను. రాయి వంకరగానే ఉండాలని ఇంటికి వస్తూ వస్తూ గుళ్లో దంతేశ్వరమ్మకు మొక్కాను కూడా. ఇంత కుళ్లు నాకేనా, మీకూ ఉందా?