చిన్నాయన దీవుల చుట్టరికం

నిన్న శంషాబాద్ విమానాశ్రయంలో మేనల్లుడి కోసం నిలబడి ఉండగా, పక్కనే ఒక మలేషియా కుటుంబం పెట్టెలు లెక్కపెట్టుకుంది. చివరి పెట్టె మీద చెయ్యి వేసి పెద్దావిడ "లిమ" అంది. అంటే ఐదు. ఆ పెట్టె ఏనుగుపిల్లంత ఉంది గానీ, నా గుండెలో పడ్డ బరువు దానికి పదింతలు. చిన్నాయన గుర్తొచ్చాడు.

మా బాపుకు ఒక్కగానొక్క తమ్ముడు. యూనివర్సిటీలో భాషాశాస్త్రం చెప్పేవాడు. మడగాస్కర్ నుంచి హవాయి దాకా చెదిరిన దీవుల భాషలే ఆయన లోకం. ఇప్పటి విమానాశ్రయం పక్కనే, తొండుపల్లిలో మా ఉమ్మడి ఇంటినిండా ఆయన చీటీలే. పరిస్తే సముద్రం కనపడకుండా పోయేది. "లిమ మలయా భాషల ఉంది, ఫిలిప్పీన్స్‌ల ఉంది, ఫిజీల ఉంది. మరి దగ్గరి చుట్టాలెవరు?" అనేవాడు. అందరూ అని నేనంటే నా నలభై ఏళ్ల నెత్తి మీద మొట్టికాయ. "అవ్వ ఇచ్చిన నగ ఎవలైనా దాసుకుంటరు బిడ్డా. దాంతోని ఒక్క వంశమని తెలుస్తది, గంతే. ఎవలెవలు కూడి కొత్తగ మారిన్రో గది చూడాలె." ఫిజీ, హవాయి వైపు దీవుల పూర్వీకులు పాత ప, బ శబ్దాలను ఒకటిగా కలిపేశారట, మలయా వాళ్లు వేరుగానే ఉంచుకున్నారట. అలాంటి ఉమ్మడి మార్పులు నాలుగు దొరికితేనే భాషల వంశవృక్షంలో ఒక కొమ్మ.

తర్వాత బాపు సేద్యం చేస్తానని కందుకూరు వెళ్లిపోయాడు. వద్దన్న తమ్ముడితో మూడేళ్లు మాటల్లేవు. బోనాలకు చిన్నాయన కందుకూరు వచ్చాడు గానీ, ఇద్దరూ ఒకే మంచం మీద వీపులు తిప్పి కూర్చుని, నన్ను తపాలా బంట్రోతును చేశారు.

"మీ బాపుకు చెప్పు, బోరు నీళ్లు సముద్రం లెక్క ఉప్పగున్నయని."

"గాయనకు చెప్పు, దీవులల్ల తిరిగెటోనికి గవే..."

అంతలో వీధిలో బోరుబండి ఉరిమింది. బాపు మాట ఆగింది. ఇద్దరి చూపుడువేళ్లూ ఒక్కసారే గాలిలోకి లేచాయి. బండి పోయాక, "...సరిపోతయని" అంటూ బాపు తెగినచోటే అతికించాడు. తొండుపల్లిలో నెత్తి మీద విమానం పోయినప్పుడల్లా అలా వేలెత్తి ఆగడం ఇద్దరికీ అలవాటు. తాతకు ఆ గుణం లేదు. విమానాలు ఆయన పోయాకే వచ్చాయి.

చిన్నాయన వెనక్కి తిరిగి, ఇంకా దిగని తన వేలినీ అన్న వేలినీ మార్చి మార్చి చూశాడు. "అన్నా, గిది నాయిన ఇచ్చింది కాదే. మనిద్దరం కూడి పట్టుకున్న రోగం."

బాపు కూడా తమ్ముడి వైపు తిరిగాడు. "ఇగ సాలు తీ. లే తమ్మీ, అన్నం తిందాం."

ఆ పూట వాళ్లు తిన్న అన్నంతో ఊరి చెరువు పూడేది.

ఇద్దరూ పోయి కొన్నేళ్లయింది. నేనిప్పుడుండే అత్తాపూర్‌లో ఏ మోత వినపడినా, వాళ్ల రోగం అంటుకున్న నా వేలు లేస్తుంది, ఎదుటివాళ్లు మాట్లాడుతూనే ఉంటారు. కొమ్మ కావాలంటే కనీసం ఇద్దరుండాలి. కాలం నన్నొక్కణ్ణే మిగిల్చింది.