అత్తమ్మ పిక్కలు, నా సోయా మొక్కలు

మా నాచారం ఇంట్లో కింద మరిది కాపురం, పైన మాది. పొయ్యిలు వేరయ్యాక అత్తమ్మకు వంతులు పెట్టుకున్నాం, నెల కింద, నెల పైన. ఆ వానాకాలం నా వంతు వచ్చింది కానీ ఆమె రాలేదు.

"పిక్కలు పట్టుకుంటున్నయి బిడ్డా, మెట్లెక్కలేను. జర తగ్గినంక వస్తలే," అంది.

నమ్మాను. అయినా కడుపు మండింది. కింద నా యారాలు, అంటే మరిది భార్య, జొన్నరొట్టె కొట్టే చప్పుడు, వెంటనే అత్తమ్మ నవ్వు వినిపించేవి. ఆ నవ్వు నా వంటగదిలో ఒక్కనాడూ వినలేదు.

దవాఖానాకు నేనే తీసుకుపోయాను. రక్తపరీక్ష చూసి డాక్టరు ఒంట్లో మెగ్నీషియం తక్కువుందన్నాడు. గోళీలు రాసి, ఆకుకూరలు, పల్లీలు, సోయా గింజలు తినమన్నాడు. మేం ఇల్లు చేరిన పూటే యారాలు పాలకూర పప్పు చేసి పెట్టేసింది. ఆ చురుకుదనం చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఆకుకూర ఎవరైనా వండుతారు, నేను సోయా పండించి పెడతాననుకున్నాను. అత్తమ్మది నిజామాబాద్ వైపు పల్లె. పచ్చి సోయాకాయలు ఉప్పేసి ఉడకబెడితే ఇష్టంగా తినేదని మావారు చెప్పారు.

డాబా మీద థర్మకోల్ డబ్బాల్లో గింజలు పెట్టాను. మెట్రో పనులకు రోడ్డంతా తవ్విపెట్టిన రోజుల్లో, ఆ దుమ్ములో ఉప్పల్ పోయి పొటాష్ ఎరువు తెచ్చాను. కింద వాకిట్లో యారాలి మెంతికూర ఏపుగా పెరుగుతుంటే నా చేయి ఆగలేదు. చిటికెడు వేయాల్సిన చోట గుప్పెడు వేశాను. కొన్నాళ్ళకు కింది ఆకులు పసుపెక్కాయి, వాటి ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. హబ్సిగూడ బడిలో జీవశాస్త్రం చెప్పేదాన్ని, ఆ ఆకు బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు వేశానో. పొటాష్ ఎక్కువైతే వేరు మెగ్నీషియం సరిగ్గా తీసుకోలేదు. అత్తమ్మకు వచ్చిన లోటే నా మొక్కలకూ వచ్చింది, అదీ నా కుళ్ళు పుణ్యమా అని.

మందుల షాపులో ఎప్సమ్ సాల్ట్ అడిగాను, అది మెగ్నీషియం ఉప్పే.

"ఎవరికి మేడం, కడుపు సాఫ్ అయితలేదా?" అన్నాడు షాపతను.

"సోయాకు," అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి పొట్లం చేతికిచ్చాడు.

నీళ్ళలో కలిపి మొదళ్ళలో పోశాను, ఆకుల మీదా చల్లాను. పండిన ఆకులు రాలిపోయినా కొత్తవి పచ్చగా వచ్చాయి, కాయలు పట్టాయి. ఉడకబెట్టి గిన్నెతో కిందికి దించితే అత్తమ్మ వలుచుకుని తినేది. గోళీల వల్లో, కాయల వల్లో, పిక్కలు సర్దుకున్నాయి. నేను ముందుగది కడిగి, మంచం మీద కొత్త దుప్పటి పరిచాను.

ఒక ఆదివారం మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడైంది. గబగబా చాయ్ పెట్టాను. అడుగులు మా గుమ్మం దాటి పైకి పోయాయి. వెనకే వెళ్ళి చూస్తే, డాబా మీద అత్తమ్మ, యారాలు చెరో కొస పట్టుకుని బొంత ఆరేస్తున్నారు.

"ఎక్కినవా అత్తమ్మా?" అన్నాను.

"నీ సోయ పుణ్యమే బిడ్డా. ఎక్కడ ఆగకుంట వచ్చిన."

"మరి నా వంతు?"

ఆమె బొంత ముడతలు సరిచేస్తూ, "కిందనే అలవాటైంది బిడ్డా, గట్లనే ఉండనియ్," అంది.

నొప్పి ఉన్నప్పుడు కనీసం ఆ సాకైనా చెప్పేది. దాన్ని నేనే నయం చేశాను.