నా కూతురి వ్యాసంలో మా అత్త

నేను అయిదో తరగతి దాటలేదు. ఇంగ్లీషు ముక్క రాదు. అయినా కృష్ణగిరి కాలేజీలో నా కూతురు ఇవ్వాల్సిన వ్యాసాన్ని దగ్గర కూర్చుని దిద్దించింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మీ ఇంట్లో తరతరాలుగా చేసే పని గురించి రాసుకురండి అన్నారట కాలేజీలో. మా ఇంటి పని అంటే పట్టుపురుగులే. మా అత్త బతికినన్నాళ్ళూ మేపింది. నేను చెబుతూ పోయాను, నా కూతురు ఇంగ్లీషులో రాసుకుంది. సోమవారం ఇవ్వాలనగా ఆదివారం పొద్దున మత్తిగిరి నుంచి మేనల్లుడు వచ్చాడు. మా అత్తకు అన్న మనవడు. ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. తప్పులు చూడమని నా కూతురే పిలిచింది. గంటసేపు ల్యాప్‌టాప్ టకటకలాడించి, "అయిపోయిందత్తా. ఇంక మార్కులు యాడికీ పోవు" అన్నాడు.

"ఏం మార్చినావో తెలుగులో చెప్పు, వింటాను" అన్నాను అనపకాయలు ఒలుస్తూ.

"నీకెందుకత్తా ఇదంతా?"

"మా అత్త గురించి కదప్పా. చెప్పాల్సిందే."

నా కూతురు చదివి చెప్పింది. మొదటి పేజీ బాగానే ఉంది. రెండో పేజీకి వచ్చేసరికి, మూఢనమ్మకం కొద్దీ పురుగులున్న ఇంట్లోకి మనుషులను రానిచ్చేవాళ్ళు కాదట, ఇంటావిడ సొంత అన్ననే వాకిట్లోంచి తరిమేసిందట.

చేట పక్కకు విసిరేశాను.

"మూఢనమ్మకమా? పొగాకు తగిలితే పురుగు కక్కుకొని చస్తుందిరా! మీ తాత నోటినిండా దట్టించుకొని వచ్చినాడు. మా అత్తకూ పొగాకు లేనిదే పొద్దుపోదు. పురుగులున్నన్ని దినాలూ ముట్టేది కాదు. నీకు తెలుసునా అది?"

"మా ఇంట్లో చెప్పుకొనేది ఇదే. చెల్లెలే గడప తొక్కనీలేదని."

"మీ ఇంట్లోది మీ ఇంట్లో రాసుకో. ఇది నా కూతురి కాయితం."

"నేను పొగాకు అని రాసినాను కదా బావా, ఎందుకు తీసేసినావు?" నా కూతురికీ కోపం వచ్చింది.

"మూఢనమ్మకం అంటేనే సార్లు మెచ్చుకొంటారు మరదలా."

"వాళ్ళు మెచ్చుకొనేదానికి చచ్చిపోయిన మనిషిని తెలివిలేనిదాన్ని చేస్తావా?" అని అరిచాను.

మొహం గంటు పెట్టుకొని ఆ వాక్యాలు చెరిపాడు. నా కూతురు తన పాత మాటలే మళ్ళీ పెట్టి వినిపించింది. అన్న నోట్లో పొగాకు చూసి మా అవ్వ ఆయనను వాకిట్లోనే ఆపింది, అని.

ఆ మాట నేను చెప్పిందే. పిల్లకు చిన్నప్పటినుంచీ అలాగే చెప్పాను. ఆ రోజు మా అత్త తోటలో పురుగులకు ఆకు కోస్తోంది. వాకిట్లో ఉన్నది నేను. కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. మా అత్త అన్న, ఆ పెద్దాయన, వాళ్ళింట్లో పెళ్ళికి పిలవడానికి వచ్చాడు. "నోట్లో ఆ కంపుతో లోపలికి రావద్దు" అన్నాను. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. మా అత్త ఆకుమూటతో వచ్చేసరికి ఆయన కోపంతో వణికిపోతున్నాడు. "ఎవురు నేర్పినారు దీనికి ఈ మాటలు?" అన్నాడు. "నేనే చెప్పమన్నానన్నా" అంది మా అత్త. ఆమె ఆపమని చెప్పింది నిజమే. అలా అనమని చెప్పలేదు. ఆయన చచ్చేదాకా చెల్లెలితో మాట్లాడలేదు. ఆ నింద ఆమె మోసింది. నేను మోయనిచ్చాను. పైగా ఇన్నేళ్ళూ అదే కథ చెప్పుకున్నాను, సిగ్గులేకుండా.

"ఆ వాక్యమూ తప్పే. మార్చు" అన్నాను.

"ఏమని రాసేదమ్మా?"

"మా అమ్మ ఆపిందని రాయి. నోటికొచ్చినట్లు అనిందని రాయి. అవ్వ తన మీద ఏసుకొనిందని రాయి."

మేనల్లుడు నావైపే చూస్తున్నాడు.

"ఏంరా చూస్తావు? పోయి మీ నాయనకు చెప్పు."

"నేను చెప్పనత్తా. నువ్వే వచ్చి చెప్పు." కోపంగానే అన్నాడు.

సరే, వస్తానన్నాను. నా కూతురు ఆ వాక్యం రాసి, నేను అడగకుండానే గట్టిగా చదివింది.