ఆకు రాల్చిన కరివేపాకు

నా చిన్నప్పుడు మేమున్న ఇనుపగనుల ఊరు కిరందుల్‌లో మా పక్క క్వార్టర్ టీచరమ్మ పోయి నెలయిందట. నాకు నిన్న తెలిసింది. ఆ ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చేశారని కూడా చెప్పారు. అప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఏడుపు ఒకటి, కంగారు ఒకటి. ఈ చలికి ఆవిడ పెరట్లో కరివేపాకు ఒక్క ఆకు లేకుండా మోడులా నిలబడి ఉంటుంది. కొత్తవాళ్లు ఎండిపోయిందనుకుంటారు.

ఆ మొక్కని ఆవిడ శ్రీకాకుళం నుంచి తడిగోనెలో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. వాళ్లమ్మ వేసిన చెట్టు పిలక. మొదటి చలికే ఆకంతా రాలింది. మా ఊళ్లవైపు కరివేపాకు అలా బోడిగా మిగలడం ఎవరూ ఎరగరు. రైల్వే క్వార్టర్లలోని మావాళ్లంతా పరామర్శకి వచ్చినట్టు వచ్చారు.

"పీకేయండి టీచరుగారూ, సచ్చిపోనాది" అంది మా అమ్మ.

ఆవిడ నవ్వారు. "ఏటమ్మా తొందర? టేకు ఎండకి రాల్చదా? ఇది చలికి రాల్చింది. చెట్టు పారిపోలేదు గదా, ఆకుల్నే వదులుకుంటాది."

ఎండలు ముదరకముందే చిగుళ్లొచ్చాయి.

బళ్లో మాకు సైన్స్ చెప్పేదీ ఆవిడే. ఓ మిట్టమధ్యాహ్నం మమ్మల్ని మొక్కజొన్న మడి దగ్గర నిలబెట్టారు. ఆకులు చాపల్లా చుట్టుకుపోయి ఉన్నాయి. నేను బకెట్ కోసం పరిగెత్తబోతే చెయ్యి పట్టుకున్నారు.

"ఆగవే. ఉన్న నీరు ఎగిరిపోకుండా చుట్టుకుంది. తెల్లారినా విప్పుకోకపోతే అప్పుడు నీళ్లు పోద్దువు."

నేను ఆగితేనా! మాటిమాటికీ వెళ్లి చూశాను. పొద్దువాలాక విప్పుకున్నాయి.

గనుల ఎర్రదుమ్ము పెరడంతా పడేది. దుమ్ము పట్టిన ఆకు ఎండకి మరీ కాగిపోతుందని ఆవిడ తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేవారు. జ్వరమొచ్చిన నా నుదురూ అంతే ఓపికగా తుడిచారు. ఆ ఓపిక నాకు అబ్బలేదు.

ఈ పొద్దున వాళ్లనీ వీళ్లనీ అడిగి ఆ ఇంటివాళ్ల నంబరు సంపాదించాను. అక్కడ కొత్తగా దిగిన విజయనగరం అమ్మాయి ఫోన్ ఎత్తింది. కరివేపాకు ఎలా ఉందమ్మా అన్నాను.

"అదా అక్కా, ఎండిపోనాదని ఇప్పుడే నరికించేసినాం. వేళ్లు రేపు తవ్విస్తాం."

ఆ అమ్మాయి మాటకి అడ్డుపడ్డాను.

"వేళ్లు తవ్వకమ్మా. అది బతికే ఉంది. ఎండలకి పిలకలొస్తాయి."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది.

"అందుకేనేటక్కా... నరుకుతుంటే ఇల్లంతా వాసనేసింది. పోపెట్టినావేటని మా ఆయన అడిగినారు."