బొడ్రాయి దగ్గర నా పేరు

దయ్యాలంటే నాకు నవ్వు. నాన్న కర్మనాడు కాకి ముద్ద ముట్టకపోతే చుట్టాలంతా హడలిపోయారు. "దానికి ఆకలి లేదేమో" అని తిట్లు తిన్నవాణ్ణి నేను. అటువంటి నేను ఈ సంగతి రాస్తున్నాను.

తొంభైల్లో ఖతార్‌లో తాపీ పని చేసేవాణ్ణి. మెసైమీర్‌లో కంపెనీ క్యాంప్, గదికి ఎనిమిది మందిమి. రోజూ పొద్దున్నే ఫోర్‌మన్ నెంబర్ పిలిస్తే "మౌజూద్" అనాలి. ఉన్నాను అని అర్థం. పేరు పెట్టి పిలిచేవాడే లేడు.

ఒక ఏడు మా ఊళ్ళో బొడ్రాయిని మళ్ళీ నిలబెట్టారు. ఊరి నడిమి రాయి అది. పంచాయితీ, చాటింపు, పెళ్ళి ఊరేగింపు అన్నీ దాని ముందే. నిలబెట్టిన రోజు ఇంటింటి పేరూ పిలుస్తారు. ఇంటి మగవాడు "ఉన్న" అంటేనే ఆడమనిషి రాయి మీద బిందె నీళ్ళు పొయ్యాలి. పలకకపోతే ఆ ఇల్లు ఊరిది కానట్టే.

నాకు సెలవు దొరకలేదు. గల్ఫ్ అంటే దుబాయే అనుకునే మా ఆవిడ గంగవ్వ ఉత్తరం రాయించింది. "దుబాయ్‌ల ఇంకొకదాన్ని చేసుకున్నవని అంటున్నరు. శుక్రారం మూడు గంటలకు పిలుస్తరు. పలికేటోడు లేకుంటే నిండు బిందె మోసుకొని వాపస్ రావాలె."

ఆ శుక్రవారం గదిలోవాళ్ళంతా ముషైరిబ్ బజారుకు వెళ్ళిపోయారు. ఊళ్ళో మూడంటే అక్కడ పన్నెండున్నర. క్యాంప్ ముందు ఒక సిమెంట్ ఇటుకను బొడ్రాయి అనుకుని నిలబెట్టి, బకెట్ పట్టుకుని నిలుచున్నాను. సిగ్గేసింది. గడియారం చూసి పలకబోతే, పాడు అలవాటు, నోట్లోంచి "మౌజూద్" అని వచ్చింది. నా తలకాయ! నీళ్ళు గుమ్మరించి అక్కడే కూర్చుని ఏడ్చాను. అంత ఒంటరితనం పగవాడికి కూడా వద్దు.

నెల తర్వాత పక్క ఊరతను గంగవ్వ పంపిన క్యాసెట్ తెచ్చాడు. పండుగంతా రికార్డు చేయించింది. డప్పులు, పేర్లు, "ఉన్న", "ఉన్న". తర్వాత "నర్సయ్య ఇల్లు!" అని నా పేరు. అప్పుడు ఒక గొంతు "మౌజూద్" అంది. నా గొంతే. వెంటనే నీళ్ళు పడిన చప్పుడు.

ఎవరో ఆట పట్టించారనుకుందామంటే, మా ఊరి నుంచి గల్ఫ్ వెళ్ళింది అప్పటికి నేనొక్కణ్ణే. నేను అక్కడ అలా పలుకుతానని ఊళ్ళో ఎవరికీ తెలియదు.

రెండేళ్ళకు ఇంటికి వెళ్ళి, ఆ రోజు పలికిందెవరని గంగవ్వను అడిగాను. బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"నువ్వే గదా. నా ఎనుకనే నిలబడ్డవ్."

"చూసినవా?"

"సూడలే. తిరిగి సూస్తే లేకుంటవేమోనని."

అదెలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను.