శుద్ధ రాగి గంట

మా మందిరపు గంట పగిలింది సైతాను వల్ల కాదు, విశ్వాసుల ఉత్సాహం వల్ల. పంచాయతీ ఎన్నికల్లో మా సంఘపు మనిషి వార్డు మెంబరుగా గెలిచిన రోజు, గంట నాలుక చాలదని నాపరాళ్ల క్వారీ నుంచి సమ్మెట తెచ్చి బాదారు. కంచు గట్టిదే గాని సమ్మెటకు ఓర్వదు. అంచు దగ్గర నెర్ర విచ్చింది.

కోత పండుగ లోపు కొత్త గంట పోయించాలని పెద్దలు కూర్చున్నారు. నరసరావుపేట నుంచి వచ్చిన పోతపనివాడు నాలుగు పాళ్లు రాగికి ఒక పాలు తగరం కలపాలన్నాడు. ముప్పై ఏళ్లుగా సండే స్కూలు చెబుతున్నవాణ్ని, వాక్యం చెప్పకుండా ఎలా ఊరుకుంటాను? లేచాను. రెండు రకాల నూలు కలిపిన బట్ట కట్టవద్దని, ఒకే చేలో రెండు విత్తనాలు చల్లవద్దని ధర్మశాస్త్రం చెబుతుంటే, దేవుని మందిరంలో కల్తీ లోహమా అని అడిగాను. పత్తి చేలో కంది సాళ్లు వేసిన రైతులంతా తలలూపి ఆమెన్ అన్నారు. అప్పుడు నా ఒంటి మీద ఉన్నది నూలూ పాలిస్టరూ కలిపి నేసిన టెర్రికాటన్ చొక్కా. ఆ సంగతి నాకూ తట్టలేదు, వాళ్లకూ తట్టలేదు.

"ఒట్టి రాగి మోగదయ్యా," అన్నాడు పోతపనివాడు మెల్లగా. "తగరం కలిస్తేనే దానికి గొంతు."

"విశ్వాసం ఉంటే అదే మోగిద్ది," అన్నాను.

ఇళ్ల నుంచి రాగి చెంబులు, సొట్టపడ్డ బిందెలు, కాలిపోయిన బోరు మోటార్ల తీగ వచ్చి పడ్డాయి. గంట ఎండు మిరపకాయలా ఎర్రగా తయారైంది. ఆదివారం పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక తాడు లాగారు. గుమ్మడికాయ మీద వేలితో కొట్టినట్టు దబ్బుమంది. ముందు వరసలో కళ్లు మూసుకుని కూర్చున్న ముసలమ్మ, ఇంకా ఎప్పుడు కొడతారని అడిగింది.

రెండు వారాలు గడిచాయి. గంట మోగినప్పుడూ ఆలస్యంగానే వచ్చేవాళ్లకు ఇప్పుడొక సాకు దొరికింది. పెద్దలు మళ్లీ కూర్చుని, తప్పు పోతపనివాడిదని తేల్చారు. రాగి దిగమింగి, ఏదో కల్తీ చేశాడట. ఈపూరు, వెల్దుర్తి దాకా ఏ మందిరంలోనూ వాడికి పని దొరక్కుండా ఉత్తరం రాయాలని తీర్మానం. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకు పెట్టారు.

ఇంట్లో కాగితం ముందు కూర్చున్నాను. మొదటి వరసలో దేవునికి వందనాలు చెప్పాను. రెండో వరస కదల్లేదు. మా ఆవిడ బియ్యం ఏరుతూ నా భుజం మీదుగా చూసింది.

"ఏందయ్యా, ఆయన ఒద్దంటే పోయమంది నువ్వు. ఇప్పుడు ఆయన్ని దొంగంటా రాసేది కూడా నువ్వేనా? పెళ్లి ఉంగరంలో రాగి కలపకపోతే వంగిపోద్దని కంసాలి చెప్తే ఊఁ కొట్టింది ఎవరు?"

ఉంగరం తీసి చూద్దామనుకున్నాను. రాలేదు. ఉత్తరం మడిచి పొయ్యిలో పెట్టాను.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో నిలబడ్డాను. మామూలుగా నా సాక్ష్యం అరగంట. ఆ రోజు రెండు నిమిషాల్లో ముగిసింది. పనివాడు ముందే చెప్పాడని, వాక్యాన్ని అడ్డం పెట్టి అతని నోరు మూయించింది నేనని, కల్తీ ఉంటే అది నా బోధలోనే ఉందని చెప్పాను. ముసలమ్మ ఒక్కతే గట్టిగా "స్తోత్రం" అంది. నా పాఠాలకు ఆమె ఎన్నడూ అంత గట్టిగా అనలేదు.

పెద్దలు కబురు పెడితే పోతపనివాడు వచ్చి, మా కళ్ల ముందే గంటను మళ్లీ కరిగించాడు. ముందు నా చేతికి తగరం ముక్క ఇచ్చాడు. గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. రాగీ మెత్తనే. కలిసి చల్లారాక ఆకురాయికి కూడా ఓ పట్టాన లొంగనంత గట్టిపడ్డాయి.

కోత పండుగ నాడు గంట క్వారీ దాకా వినబడింది. అప్పటి నుంచి తాడు లాగే పని పెద్దలు నాకే అప్పగించారు. అంతసేపైనా నేను మాట్లాడనని కాబోలు.