తిమ్మక్క ఇంటి మూడు సెల్లుల బేట్రీ

దయ్యాలంటే నాకు భయం లేకపోవడమే కాదు, వాటి గురించి వినే ఓపిక కూడా ఉండేది కాదు. వనపర్తిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఎవరైనా ఏదో చూశామంటే, వెలుతురు ఎటునుంచి పడింది, మీరెక్కడ నిలబడ్డారు అని అడిగేవాణ్ణి. అట్లా చాలామందికి కోపం తెప్పించాను.

నాకు పాత టార్చిలైట్లు పోగుచేసే పిచ్చి ఉంది. మా వైపు టార్చిని బేట్రీ అంటారు. అన్ని రకాలూ నాకక్కర్లేదు. ఒకప్పుడు రైలింజన్లకూ కార్లకూ గాలిని కోసుకుపోయే నున్నటి ఆకారం ఇచ్చినట్టే కొన్ని బేట్రీలకూ ఇచ్చారు. తూటాలాంటి తల, ఒంటి పొడవునా సన్నని గీతలు, తోక దాకా ఎక్కడా మూల అనేది ఉండదు. అవి అరుదు. గద్వాల, నాగర్‌కర్నూల్ పాత సామాన్ల కొట్లు ఏళ్ల తరబడి తిరిగితే ఇరవై రెండు దొరికాయి.

కిందటి ఏడు వెంకట్రాములు అనే రైతు తన బిడ్డను మా కాలేజీలో చేర్పించడానికి వచ్చాడు. వాళ్లది ధరూర్ దగ్గరి పల్లె, పత్తి విత్తనం పండిస్తారు. నా ఫోన్లో బేట్రీల ఫోటోలు చూసి, మా ఇంట్ల గిసొంటిదే ఉన్నది, మా నాయినది అన్నాడు. ఆ ఆదివారమే బండి వేసుకుని పోయాను.

అది గొడ్ల కొట్టంలో, గోనెపట్టాలో చుట్టి, అద్దం నేలవైపు పెట్టి ఉంది. ఇత్తడి ఒళ్లు, పైన నికెల్ పూత. నా దగ్గరున్న వాటిలో అంత అందమైనది ఒక్కటీ లేదు. లోపల సెల్లులు ఎప్పుడో కారి స్ప్రింగును తినేశాయి. బల్బు తీగ తెగి ఉంది.

వెంకట్రాములు తల్లి తిమ్మక్క గడప మీద కూర్చుని నన్నే చూస్తోంది. మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు. నేను లేచే ముందు ఒక్క మాట అన్నది.

"సారూ, మీ ఇంట్ల ఆడోళ్లున్నరా?"

నా భార్య ఉందన్నాను.

"ఉంటే గా బేట్రీ తీస్కపోకు."

ఈమెకు ఊకె భయం, తీస్కపోండి సార్ అన్నాడు కొడుకు. నేను తెచ్చేసుకున్నాను. ముసలావిడ మాటకు విలువ ఇవ్వాలని నాకు తోచనే లేదు.

నా భార్య సుజాత ఒక దవాఖానలో నర్సు. ఆ నెల ఆమెకు రాత్రి డ్యూటీలు. పొద్దున వచ్చి, వండి, పది గంటల నుంచి రెండు దాకా పడుకునేది. ఆ వేళకు నేను కాలేజీలో ఉంటాను.

బేట్రీ తెచ్చిన నాలుగో రోజు పదకొండున్నరకు ఫోన్ చేసింది. ఇంటికొచ్చినవా అని అడిగింది. క్లాసులో ఉన్నానన్నాను. పెట్టేసింది. సాయంత్రం చెప్పింది, నిద్రలో ముఖం మీద ఎవరో లైటు కొట్టారట. లేచాక కూడా చాలాసేపు కళ్ల ముందు ఒక మచ్చ నిలిచిందట. మచ్చ ఎట్లా ఉందో గీయమన్నాను. గుండ్రంగా గీసి, నడుమ నల్లటి చుక్క పెట్టింది. ఫోకస్ కుదరని పాత బేట్రీ వెలుగు గోడ మీద సరిగ్గా అట్లాగే పడుతుంది. అది సుజాతకు తెలియదు.

కిటికీలోంచి ఎండ పడి ఏ అద్దం మీదనో మెరిసిందనుకున్నాను. కిటికీకి నల్లగుడ్డ కట్టాను. రెండు రోజులకు మళ్లీ అదే. బల్బు ఊడదీసి కాలేజీ ల్యాబ్‌లో పెట్టాను. బేట్రీని ఇనప బీరువాలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకున్నాను. మళ్లీ అదే. వాళ్ల దవాఖానలోనే కళ్లు చూపించుకుంది. ఏ లోపమూ లేదన్నారు.

ఆ వారమే నాగర్‌కర్నూల్ నుంచి సుజాత అక్క వచ్చింది. ఆమెకు మేమేమీ చెప్పలేదు. మర్నాడు సుజాత డ్యూటీ నుంచి రావడం ఆలస్యమైతే అదే మంచం మీద నడుం వాల్చింది. నేను సాయంత్రం చెప్పులు విడవకముందే నిలదీసింది.

"పండుకున్న ఆడిమనిషి మొకం మీద బేట్రీ కొట్టేది ఏం బుద్ధి నీది?"

పగలంతా కాలేజీలోనే ఉన్నానంటే నమ్మలేదు. ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది. ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు.

ఇంతవరకు చెప్పడం తేలిక. ఇక చెప్పేది నా గురించి.

ఆ రోజుల్లోనే నాకు సుజాత మీద ఒక రకమైన మంట మొదలైంది. పెళ్లయి పదకొండేళ్లు, ఎన్నడూ లేనిది. రాత్రి వార్డులో ఎవరెవరుంటారని అడిగేవాణ్ణి. ఆమె స్నానానికి పోతే సంచి వెతికాను, తీసినవి ఉన్నచోట పెట్టను కూడా లేదు. ఒకసారి వార్డుకు ఫోన్ చేసి, గొంతు మార్చి, ఆమె ఉందా అని అడిగాను. ఇవన్నీ చేస్తున్నప్పుడు నాకు సిగ్గనిపించలేదు. చేయాల్సిన పనే చేస్తున్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో ఇంటికి వచ్చాను. చప్పుడు కాకుండా తలుపు తీసి మంచం పక్కన నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చేతిలో ఏమీ లేదు. సుజాత కళ్లు తెరిచింది. ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, లైటు పడినప్పుడు పెట్టుకుంటామే, అట్లా. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది.

"నిజంగ పండుకున్నవా, పండుకున్నట్టు చేస్తున్నవా?"

ఆమె లేచి, చీర మార్చుకుని, చెప్పకుండా అక్క దగ్గరికి పోయింది. మరుసటి ఆదివారం నేను బేట్రీ పట్టుకుని ధరూర్ దారి పట్టాను.

కొడుకు చేనుకు పోయాడు. తిమ్మక్క ఒక్కతే ఉంది. బేట్రీ కింద పెట్టి, అమ్మా, మీదే మీరు పెట్టుకోండి అన్నాను. ఏం జరిగిందో చెప్పలేదు. ఆమె అడగలేదు. గోనెపట్టా తెచ్చి చుడుతూ, తల ఎత్తకుండానే అన్నది.

"మా ఆయన చేను కావలి నుంచి వస్తనే నా మొకం మీద గొట్టేటోడు. నిజంగ పండుకున్నవా, పండుకున్నట్టు చేస్తున్నవా అనేటోడు. సచ్చిందాంక గంతే."

ఆ మాట నేనన్నానని ప్రపంచంలో సుజాతకు తప్ప ఎవరికీ తెలియదు. సుజాత ఈ ఊరు చూడలేదు. మరి ఇది ఇంట్లో పెట్టుకుని మీరెట్లా ఉంటున్నారని అడిగాను.

"నేను పండుకుంటే గదా," అన్నది. పట్టా ముడి వేసి కొట్టంలోకి పోయింది. మళ్లీ బయటికి రాలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో లైటు పడలేదు. మంటా చల్లారింది. నాలుగు వారాలకు సుజాత తిరిగొచ్చింది. తిమ్మక్క చెప్పింది మొత్తం ఆమెకు చెప్పాను. నా తప్పు కాదని తేలినట్టు, కొంచెం ఉత్సాహంగానే చెప్పాను అనుకుంటాను. ఆమె కూరగాయలు తరుగుతూ అంతా విన్నది.

"లైటు ఆయనదే అనుకుందాం," అన్నది. "నా సంచి దేవులాడినప్పుడు గూడ ఆయనేనా?"

బీరువాలోని బేట్రీ నుంచి వెలుగు ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. పరిచయం లేని మనిషి మాట నా నోటికి ఎట్లా వచ్చిందో తెలియదు. వాటిని తెలియదని ఒప్పుకోగలను. సుజాత అడిగినదానికి మాత్రం తెలియదని కూడా చెప్పలేకపోయాను. ఆమె ఇప్పుడు పగటి డ్యూటీలే వేయించుకుంటోంది. రాత్రి గోడవైపు తిరిగి, కొంగు ముఖం మీదికి లాక్కుని పడుకుంటుంది.